మూత తెరవని సాయంత్రం

ఫ్రిజ్ నడుస్తుంటే చప్పుడు వస్తుందని అందరికీ తెలుసు. ఆగినప్పుడు కూడా ఒక చప్పుడు ఉంటుందని నాకు ఇబ్రహీంపట్నంలో తెలిసింది. కాస్త వణికి, లోపల ఏదో సీసా టింగుమని, ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది. ఒక్క ఫ్రిజ్ అయితే ఎవరూ పట్టించుకోరు. ఒక గల్లీలోని ఫ్రిజ్‌లన్నీ, ఒకదాని వెనక ఒకటిగా, ఎవరూ స్విచ్చు ముట్టుకోకుండా అలా ఊరుకోవడం నేను ఒక సాయంత్రం నిలబడి విన్నాను.

ఇప్పుడు ఆదిభట్లలో వేరే ఉద్యోగం చేస్తున్నాను. జీతం బాగుంది, కుర్చీ ఇంకా బాగుంది. కానీ మా కాలేజీ జూనియర్లు ఫోన్ చేసి "అన్నా, ఫస్ట్ జాబ్‌ల ఏం జూసినవ్?" అని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ గల్లీయే. నాకు ఏదైనా వరుస పెట్టి చెప్పడం అలవాటు. బజారుకు పోతే చీటీ, ఊరికి పోతే చీటీ. ఇది కూడా వరుసగానే మొదలుపెడతాను. చివరిదాకా వరుసలో ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేను.

మా ఆఫీసు శేరిగూడలో, కాలేజీల రోడ్డు మీద, ఒక జిరాక్స్ షాపు పైన ఉన్న గది. పనిచేసేది ముగ్గురం. మా సార్ అంతకుముందు మీటర్లు తయారుచేసే చోట పనిచేసి వచ్చినవాడు. చేతిలో టీ గ్లాసు లేకపోతే ఆయనకు మాట రాదు. రెండో మనిషి మహేశ్వరం నుంచి బస్సులు మారి వచ్చే అమ్మాయి. ప్రోగ్రాం రాసే పని మొత్తం ఆమెది. బస్సులో సీటు దొరికిన రోజు ఒక తప్పు తక్కువ ఉంటుందని చెప్పేది. మూడోవాణ్ని నేను. ఇళ్లకు పోయి డబ్బాలు బిగించడం, అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం, తిట్లు తినడం నా వంతు.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. గోడకున్న ప్లగ్గుకు, ఫ్రిజ్‌కు మధ్య అది కూర్చుంటుంది. దాన్నుంచి ఒక సన్నని తీగ ఫ్రిజ్ లోపలికి పోయి ఎంత చల్లగా ఉందో చూస్తుంటుంది. ఏసీలకూ కూలర్లకూ అలాంటివే వేరే ఉండేవి. స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకో పెట్టె పెట్టాం. కరెంటు లోడు ఎంతుందో అది కొలిచి, రేడియో మీద అన్ని డబ్బాలకూ చెబుతుంది. లోడు హద్దు దాటబోతోందని వినగానే ప్రతి డబ్బా తనను తాను ఒకటే ప్రశ్న వేసుకుంటుంది. నేను ఇప్పుడే నడవాలా, కాసేపు ఆగగలనా? లోపల చాలినంత చల్లగా ఉన్న ఫ్రిజ్ ఆగుతుంది. వేడెక్కుతున్నది నడుస్తుంది. ఏసీ రెండు డిగ్రీలు సడలిస్తుంది. కూలర్‌లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, నీళ్ల పంపు మాత్రం విశ్రాంతి తీసుకుంటుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఇదంతా ఎందుకంటే, మనందరికీ కరెంటు ఒకే సమయంలో కావాలి. మేము డబ్బాలు పెట్టిన చోట ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు రకాల ఇళ్లుండేవి. ఒకవైపు కొత్త వెంచర్‌లో కట్టిన మేడలు. అందులో చాలామంది ఆదిభట్లలో ఉద్యోగాలు చేసేవాళ్లు. సాయంత్రం కంపెనీ బస్సులు దించగానే తాళాలు తీయడం, ఏసీలు వేయడం ఒక్కసారే జరిగేది. రోడ్డుకు ఇటువైపు చెరువులో చేపలు పట్టే కుటుంబాల గల్లీ. మామూలు రోజుల్లో వాళ్ల వాడకం తక్కువే. కానీ రోహిణి ఎండలు మొదలయ్యాయంటే మృగశిర కార్తె దగ్గరపడినట్టే. మేము మిర్గం అనే ఆ రోజు చేప ముక్క లేని ఇల్లు మన దగ్గర వెతికినా కనపడదు. చేప తినని ఇంట్లో కూడా ఇంగువ, బెల్లం కలిపి ఇంత నోట్లో వేసుకుంటారు. అందుకని ఎండాకాలంలో నీళ్లు తగ్గిన చెరువులో పట్టిన రవ్వ, బొచ్చె చేపలను ఆ గల్లీ ఆడవాళ్లు డీప్ ఫ్రీజర్లలో దాచేవారు. కార్తె దగ్గరపడే కొద్దీ ఇంటింటికీ ఒక ఫ్రీజర్ మొరుగుతూ ఉండేది.

ఆ ఆడవాళ్లలో ఒక అక్క ఉండేది. గల్లీ మొదటి ఇల్లు ఆమెది. ఇంటి ముందు రేకుల కింద ఫ్రీజర్, దాని పక్కన కత్తిపీట, నీళ్ల తొట్టి. భర్త వల వేస్తాడు, అమ్మకం మొత్తం ఆమెది. అంతకుముందు అత్తగారి గంప పక్కన కూర్చుని అమ్మేదట. ఆ ఏడే మొదటిసారి సొంత ఫ్రీజర్‌తో సొంతంగా కూర్చుంది. నేను డబ్బా పట్టుకుని పోయిన మొదటి రోజు కత్తిపీట మీంచి లేవకుండానే అడిగింది.

"ఏం తమ్మీ, నా ఫ్రీజర్ ఆపెతందుకు వచ్చినవా?"

"అవ్ అక్కా. జరసేపే. చల్లగున్నప్పుడే ఆగుతది."

"గా మేడల ఏసీలోళ్లకు చెప్పు పో. ఆళ్లకు చెమట పడితె తుడుసుకుంటరు. నా చాప పాడైతె నేనేం తుడుసుకోవాలె?"

ఆమే మళ్లీ అంది, ఈసారి కొంచెం నెమ్మదిగా. "మిర్గం నాడు నా దగ్గర కొన్న చాప ఒక్కటి వాసనొచ్చిందనుకో. ఇగ జన్మల నా దిక్కు ఎవ్వలు రారు. మా అత్త దగ్గర్నే కొనాల్నంటరు. గది నీకెర్కేనా?"

ఎరుకే అన్నాను. లైన్‌మన్ అన్న వచ్చి సర్దిచెప్పాడు. ఆయన ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు, ఎవరి ఇంట్లో ఏ పెళ్లి ఎప్పుడో కూడా తెలిసినవాడు. "పెట్టనియ్యి చెల్లె. ఆ ట్రాన్స్‌ఫారం ముసల్ది. అందరు ఒక్కతీరుగ మీద పడితె అది ఉండది. అది పోతె నీ చాప, ఆమె చాప, అందరి చాపలు పోతయి." ఆయన మాట మీద ఆమె ఒప్పుకుంది. గల్లీలో మిగతావాళ్లు ఆమెను చూసి ఒప్పుకున్నారు.

మా డబ్బాకు ఒక చిన్న నారింజ రంగు దీపం ఉండేది. లోడు ఎక్కువై డబ్బాలు ఆగే సమయం వస్తే అది వెలుగుతుంది. ఆ దీపం మా సార్‌కు ప్రాణం. "మనం దొంగతనంగ ఆపుతలేం. ఇంట్లోళ్లకు తెల్వాలె" అనేవాడు. మా ఇద్దరికీ ఆ మాట నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. జరిగింది మాత్రం వేరు.

మొదటిసారి అన్ని డబ్బాలనూ కలిపి నడిపిన సాయంత్రం మేము ముగ్గురం రోడ్డు పక్కన చాయ్ హోటల్‌లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాం. బస్సులు వచ్చాయి. మేడల్లో ఏసీలు మొదలయ్యాయి. తెర మీద లోడు గీత పైకి పాకింది. హద్దు దగ్గరికి రాగానే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె సంకేతం పంపింది. గీత ఆగింది, కిందికి వంగింది. మా సార్ టీ గ్లాసు పైకెత్తాడు. ఆయన దాన్ని కింద పెట్టేలోపలే గీత గోడలా నిలువునా లేచింది. ఇంత లోడు ఎక్కణ్నుంచి వచ్చిందో మాకు అర్థం కాలేదు.

"నా ప్రోగ్రాం ఉల్టా నడుస్తుందా?" అంది ఆ అమ్మాయి. మొహం తెల్లబోయింది.

నేను లేచి రోడ్డు దాటాను. వెంచర్ మొదటి సందులోకి అడుగుపెట్టగానే ఒక మేడ మీంచి ఇంకో మేడకు కేక వినపడింది. "ఓ వదినా! లైటు వెలిగింది, కరెంట్ పోతది! మోటర్ వెయ్! మోటర్ వెయ్!"

ఆ పక్క ఇల్లు, దాని పక్క ఇల్లు. ప్రతి ఇంటి ముందు సంపు పక్కన గోడకు మోటార్ బోర్డు ఉంటుంది. జనం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి మోటార్లు వేస్తున్నారు. కరెంటు పోయేలోపల పైట్యాంకు నింపుకోవాలన్నది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పే విద్య. ఫోన్ చార్జింగు, పిండి రుబ్బడం, ఇస్త్రీ అన్నీ దాని తర్వాతే. కరెంటును పొదుపు చేయడానికి మేము వెలిగించిన దీపం చూసి ఊరంతా కరెంటు మీద పడింది. నేను "వద్దు, వద్దు" అంటూ చేతులు ఊపుతుంటే, "నువ్వు గూడ మీ ఇంటికి పొయ్యి వేసుకో బాబూ" అని ఒక పెద్దాయన జాలిగా సలహా ఇచ్చాడు.

స్తంభం మీద ఢాం అని పేలింది. చీకటయ్యింది. సందు మొత్తం ఒకే గొంతుతో, మోసపోలేదన్న తృప్తితో అంది. "చూసినవా, చెప్పలే!"

పోయింది ఫ్యూజు మాత్రమే. లైన్‌మన్ అన్న పైకెక్కి వేశాడు. దిగాక మా ముగ్గుర్నీ చూసి తల పట్టుకున్నాడు. "ఇయ్యాల ఫ్యూజు పోయింది. ఇంకోపారి ఇట్లయితె లోపల కాయిలే కాల్తది. ఈ ఎండల వేరే ట్రాన్స్‌ఫారం దొరికి, తెచ్చి ఎక్కిచ్చే వరకు మిర్గం ఎల్లిపోతది. ఆ ఆడోళ్లకు మొహం నేనే చూపియ్యాలె, మీరు కాదు."

మర్నాడు నేను గల్లీలోకి పోయేసరికి అక్క మా డబ్బాను పీకి ఫ్రీజర్ మీద పెట్టి ఉంచింది. దానికి చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. "తీస్కపో. నీ కొలువుకో దండం" అంది. గల్లీలో అన్ని ఇళ్లలోనూ అంతే. సంచిలో డబ్బాలు వేసుకుని వెనక్కి వస్తుంటే, చదివిన చదువంతా ఆ సంచిలోనే ఉన్నట్టు అనిపించింది.

ఆఫీసులో రెండు మాటలయ్యాయి. దీపాలకు నల్ల టేపు అంటిద్దామని సార్ అన్నాడు. అన్నందుకు ఆయనకే బాధగా ఉంది, టీ చల్లారిపోయినా తాగలేదు. ఆ అమ్మాయి సంచిలోంచి ఒక డబ్బా తీసి దాని దీపం వంక చూసింది. తర్వాత అంది. "సార్, మన దీపం మస్తు పనిచేసింది కదా. వెలగంగనే ఊరంతా ఉరికింది. మన దగ్గర ఇంకేదన్న అంత మంచిగ పనిచేసిందా?"

సార్ ఆమె వంక చూశాడు.

"దాన్ని తప్పు టైంకు వెలిగిచ్చినం, గంతె. మధ్యాహ్నం లోడు ఉండదు. మేడలకు తాళాలుంటయి. అప్పుడు వెలిగిస్తె? ఉరికి మోటర్లు వేసుకుంటరు, ట్యాంకులు నిండుతయి. సాయంత్రం మోటర్ల పనే ఉండది."

"కరెంటు పోతదని అబద్ధం చెప్పినట్టు కాదా?" అన్నాడు సార్.

"పోతదని ఎందుకు చెప్పాలె? నిజమే చెప్దాం. ఇది వెలిగితె కరెంటు బాగున్నట్టు, మోటర్ వేసుకోండ్రి అని."

ఆమె ఆ రోజు బస్సులో సీటు దొరికి వచ్చిందో లేదో నేను అడగలేదు. నేనూ లైన్‌మన్ అన్నా ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. కొందరు విన్నారు, కొందరు తలుపు సందులోంచి తల ఊపారు. మధ్యాహ్నం ఎండ వాలకముందు దీపాలు వెలిగేవి. ఇంట్లో ఉన్న అత్తలు, అమ్మలు వచ్చి మోటార్లు వేసేవారు. తాళం వేసి ఉన్న ఇంటి మోటారు పక్కింటివాళ్లు వేసేవారు. సాయంత్రం గీత కొంచెం తగ్గింది. కానీ గల్లీలో ఫ్రీజర్లు మా మాట వినకుండా నడుస్తున్నంతకాలం ఆ కొంచెం చాలదు. కార్తె ముందురోజు చుట్టాలొస్తారు, కూలర్లు పెరుగుతాయి. ఆ లెక్క మా ముగ్గురికీ తెలుసు, లైన్‌మన్ అన్నకూ తెలుసు.

అక్క దగ్గరికి మళ్లీ పోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ అమ్మాయే బయల్దేరింది. ఆమె ఇంట్లో చేపల వాసనే పడదు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, చేతిలో పొడవాటి తీగ ఉన్న థర్మామీటర్ పట్టుకుని గల్లీలో అడుగుపెట్టింది.

"ఏం బిడ్డా, ముక్కు ఊడిపోతదా?" అంది అక్క.

"లేదక్కా. అలవాటైతది. నీ ఫ్రీజర్ల ఇది పెట్టి నీతోని కూసుంట. డబ్బ పెట్ట. ఉత్తగనే చూస్త."

ఆ మధ్యాహ్నమంతా కూర్చుంది. నేను రోడ్డు అవతల నిలబడి చూశాను. కాసేపు ఫ్రీజర్ ప్లగ్గు తీసేసి చూపించింది. మూత మూసి ఉన్నంతసేపూ థర్మామీటర్ అంకె కదలనే లేదు. అక్క నమ్మలేక ఆ అంకెను వేలితో తట్టింది. ప్లగ్గు మళ్లీ పెట్టారు. అంతలో ఒకాయన వచ్చి "రవ్వలున్నయా, పెద్దయి?" అని అడిగాడు. అక్క అలవాటుగా మూత ఎత్తి, ఒక చేప తీసి చూపించి, ఆయన పెదవి విరిస్తే ఇంకోటి తీసి, దాన్ని లోపల వేసి ఇంకోటి తీసింది. ఆయన "రేపొస్తా" అని పోయాడు. అంకె గబగబా పైకి పోయింది. ఫ్రీజర్ ఒగరుస్తూ మొదలైంది.

అక్క ఆ అంకె వంక చూసింది. మూత వంక చూసింది. తన చెయ్యి వంక చూసుకుంది.

"అంటె నా చాపల్ని కరిగిచ్చేది కరెంట్ కాదు. నా చెయ్యా?"

"కరెంట్ గూడ అక్కా. కని చెయ్యే ఎక్కువ."

అక్క నవ్వింది. గల్లీ అవతలి దాకా వినపడేలా నవ్వి, ఎదురింటామెను కేకేసింది. "ఓ పిల్లా, ఇన్నవా? మనం రోజంత మూత లేపి లేపి చల్లగాలంత గల్లీకి దానం చేస్తున్నం!" తర్వాత నవ్వు ఆపి, రోడ్డు అవతల ఉన్న నన్ను వేలితో పిలిచింది. "డబ్బలు తెచ్చి పెట్టు. మా గల్లీ ఆగుతది. గా మేడల ఏసీలు గూడ ఆగాలె. ఆగలేదనుకో, నీ డబ్బలన్ని చెర్ల ఏస్త. నిన్ను గూడ."

ఫ్రీజర్ల కోసం ఆ అమ్మాయి ప్రోగ్రాం మార్చింది. మధ్యాహ్నం లోడు తక్కువున్నప్పుడు అవి మామూలు కంటే గట్టిగా గడ్డకట్టించి పెట్టుకుంటాయి. సాయంత్రానికి చలిని లోపల మూట కట్టుకుని ఉంటాయి. అప్పుడు చాలాసేపు ఆగగలవు. ఒక్కటే షరతు, మూత తీయకూడదు.

కార్తె ముందురోజు మబ్బు పట్టింది కానీ వాన పడలేదు. గాలి లేదు. ఒంటి మీద చొక్కా అతుక్కుపోయే ఉక్క. మధ్యాహ్నం దీపాలు వెలిగాయి, మోటార్లు నడిచాయి, ట్యాంకులు పొంగి మేడల మీంచి నీళ్లు కారాయి. గల్లీలో ఫ్రీజర్లన్నీ మొరుగుతూ చలిని కూడబెట్టుకున్నాయి. సాయంత్రానికి నేను గల్లీలో నిలబడ్డాను. సార్, ఆ అమ్మాయి చాయ్ హోటల్‌లో లాప్‌టాప్ ముందున్నారు. ఆమె ఫోన్‌లో నాతో మాట్లాడుతూనే ఉంది. లైన్‌మన్ అన్న ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి ఆనుకుని, దాని ఆరోగ్యం చెవితో కనిపెడుతున్నట్టు తల వంచి నిలుచున్నాడు.

బస్సులు వచ్చాయి. మేడల్లో దీపాలు, ఏసీలు. "ఎక్కుతుంది," అంది ఆమె ఫోన్‌లో. "ఎక్కుతుంది. ఇగో, హద్దుకొచ్చింది."

అప్పుడు విన్నాను. మొదట గల్లీ చివరి ఇంటి ఫ్రీజర్ వణికి ఆగింది. తర్వాత మధ్యలో ఒకటి. తర్వాత అటూ ఇటూ రెండు. చివరికి అక్క ఫ్రీజర్ కూడా ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. వారాల తరబడి ఆ గల్లీలో ఆగకుండా ఉన్న మొరుగుడు పోయింది. దాని కింద ఇన్నాళ్లూ దాగి ఉన్న చప్పుళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎవరో అన్నం వారుస్తున్నారు. ఎక్కడో పాప ఏడుస్తోంది. చెరువు దిక్కు నుంచి కొంగ ఒకటి అరిచింది. ఈ ఫ్రీజర్లన్నీ ఉత్త ఇనప పెట్టెలు. ఒకదాని మొహం ఒకటి చూడలేదు. అయినా ప్రతిదీ తన లోపలికి తాను చూసుకుని, నాకు ఇప్పుడు అక్కర్లేదు, ముందు నువ్వు కానీ, అని పక్కకు జరిగింది. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డప్పుడు, బాలింత ఉన్న ఇంటి బిందెను ముందుకు జరపడం చూశాను నేను. అది మనుషులకే తెలుసనుకున్నాను.

అక్క ఫ్రీజర్ మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. వణుకు ఆగిన చోట ఆమె చెయ్యి కూడా బిగుసుకుపోయింది.

"సచ్చిపోయిందా తమ్మీ?"

"లేదక్కా. ఆగింది."

"ఒక్కసారి మూత లేపి చూస్త. ఊకె చూస్త, ముట్ట."

"వద్దక్కా."

ఆమె వేళ్లు మూత అంచు దాకా పోయాయి. లోపల ఉన్నది ఆమె చేపలు, ఆమె పేరు. నేను పట్టుకుని ఆపగలిగేది కాదు. అంతలో ఒక స్కూటర్ వచ్చి ఆగింది. "అక్కా, రేపు రష్ ఉంటది. మంచి బొచ్చె ఒక్కటి ఇప్పుడే తియ్యి, ఎంతకైనా కొంట." ఇప్పుడే అమ్మేస్తే ఆ చేప రేపటికి వాసనొస్తుందన్న భయం ఉండదు. చేతికొచ్చిన బేరం.

అక్క ఆయన్ను చూసింది. నన్ను చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపి, ఒక్క ఊపున ఎగిరి ఫ్రీజర్ మూత మీద కూర్చుంది. కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, కదలకుండా.

"ఇయ్యాల తియ్య. పొద్దున రా. లైన్ల నిలబడు."

అది చూసి ఎదురింటామె తన ఫ్రీజర్ మీద ఎక్కి కూర్చుంది. ఆ పక్కన ఒక ముసలమ్మ ఎక్కలేక మూత మీద రోలు పెట్టించింది. నేను ఇంజినీరింగ్‌లో చాలా రకాల తాళాలు చదివాను. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు.

ఫోన్‌లో ఆ అమ్మాయి గొంతు గట్టిగా వచ్చింది. "మల్ల ఎక్కుతుంది! మోటర్లు! ఎవలో మోటర్లు వేసిండ్రు!"

కార్తె ముందురోజు ఇంటి నిండా చుట్టాలు. స్నానాలకు నీళ్లు అయిపోయి ఒకరిద్దరు మోటార్లు వేసినట్టున్నారు. ఒక ఇంట్లో మోటారు చప్పుడు వింటే పక్కింటికి పాత భయం పట్టుకుంటుంది. స్తంభం దగ్గర లైన్‌మన్ అన్న తల ఎత్తి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అది చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. నేను రోడ్డు దాటి పరిగెత్తబోయాను. అక్క ఫ్రీజర్ మీద కూర్చునే మేడల వైపు తిరిగి, చెరువు మధ్య పడవలో ఉన్నవాడికి ఒడ్డు మీంచి వినిపించే గొంతుతో అరిచింది.

"ఎవలదమ్మా ఆ మోటరు? బందు పెట్టుండ్రి! రేపు చాప తినరా మీరు?"

తర్వాత మేడ మీద ఎవరో అందుకున్నారు. "ఓ బాబాయ్, మోటర్ బందు పెట్టు! ట్రాన్స్‌ఫారం పోతె చాపలు పోతయట!" ఆ కేక పక్క మేడకు, అక్కణ్నుంచి వెనక సందుకు పోయింది. మొదటి సాయంత్రం "మోటర్ వెయ్" అన్న మాట ఎంత వేగంగా పోయిందో, "బందు పెట్టు" అన్న మాట అంతకంటే వేగంగా పోయింది. టక్ టక్‌మని మోటార్ స్విచ్చులు ఆపేస్తున్న చప్పుడు నాకు వినపడింది. ఒకరెవరో "ఏసీ గూడ బందు పెట్టినం, మేం డాబా మీదికి పోతున్నం, మాకు రెండు రవ్వలు పక్కకు పెట్టు" అని అరిచారు. అక్క కూర్చున్నచోటు నుంచే "లైన్ల నిలబడు" అని వాళ్లకూ చెప్పింది.

"ఆగింది," అంది ఫోన్‌లో ఆ అమ్మాయి. "ఒకసారి వచ్చి చూడవా? నేను రాసింది ఇది కాదు."

నేను పోయి చూశాను. గీత హద్దు కింద, గాలి లేని రోజు చెరువు నీళ్లలా చదునుగా ఉంది. ఎక్కడో ఒక ఫ్రిజ్ వేడెక్కి లేస్తే, ఇంకెక్కడో ఒకటి ఊరుకుంటోంది. ఒక ఏసీ మొదలైతే ఒకటి సడలిస్తోంది. వాటిలో డబ్బాలు ఏవో, మనుషులు ఎవరో ఆ గీతలో విడదీసి చెప్పలేం. మా సార్ టీ గ్లాసు పట్టుకుని తెర వంకే చూస్తున్నాడు. తాగడం లేదు, మాట్లాడటం లేదు. ఆయన్ను అలా నేను అంతకుముందు చూడలేదు.

ఊరు చల్లబడ్డాక గల్లీలో ఫ్రీజర్లు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. అక్కది లేచినప్పుడు ఆమె ఇంకా మూత మీదే ఉందట. కింద వణుకు తగలగానే "లేచింది, నా తల్లి లేచింది" అందని లైన్‌మన్ అన్న తర్వాత నవ్వుతూ చెప్పాడు.

పొద్దున మేము పోయేసరికి చేపలు కొనేవాళ్ల వరుస రోడ్డు మీదికి వచ్చింది. అక్క అందరి ముందూ మూత ఎత్తింది. తెల్లటి పొగ ఆమె మోచేతుల మీదుగా కిందికి జారింది. ఒక రవ్వను తీసి తొట్టి అంచుకు కొట్టింది. రాయిని కొట్టినట్టు మోగింది. వరుసలో ముందున్నవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ చేపను రెండు చేతులతో పట్టుకుని, కొంగుతో దాని మంచు తుడిచి, మొదటి గిరాకీకి ఇచ్చాక, అప్పుడు కళ్లు తుడుచుకుంది. ఆ అమ్మాయిని పిలిచి పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. విప్పి చూస్తే ఇంగువ, బెల్లం.

"నువ్వు తినవని ఎర్కే. గిదన్న తిను."

ఆ ప్రయోగం తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. జిరాక్స్ షాపు పైన గది ఖాళీ చేశాం. డబ్బాలన్నీ నేనే తిరిగి ఊడదీసి తెచ్చాను. మా సార్ వేరే ఊరు వెళ్లాడు, ఆ అమ్మాయి ఇప్పుడు నాకంటే పెద్ద ఉద్యోగంలో ఉంది. ఇలాంటి డబ్బాలు లోపలే పెట్టి అమ్మే ఫ్రిజ్‌లు, ఏసీలు ఇప్పుడు వస్తున్నాయి. జూనియర్లూ, మీలో కొందరు రేపు వాటిమీద పనిచేస్తారు. దీపం ఎప్పుడు వెలగాలో మీటింగులో వాదించుకునేటప్పుడు మా దీపాన్ని తలుచుకోండి.

మరుసటి ఏడు, ఎండల్లో, ఒక సెలవు రోజు మధ్యాహ్నం నేను అటువైపు పోయాను. మేడల్లో ఇప్పుడు మా డబ్బాలు లేవు, దీపాలూ లేవు. ఎండ వాలకముందు ఒక ఇంట్లో మోటారు మొదలైంది. తర్వాత పక్కింట్లో. ఒకామె తన గేటు దాటి వచ్చి, తాళం వేసి ఉన్న ఇంటి బోర్డు మీద స్విచ్చు వేసి, కొంగు నెత్తిన కప్పుకుని వెనక్కి పోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను బండి ఆపి, ఆ ట్యాంకులు నిండేదాకా అక్కడే ఉన్నాను.

సాయంత్రానికి గల్లీలోకి పోయాను. అది కూడా కార్తె ముందురోజే. గల్లీలో ఫ్రీజర్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. ప్లగ్గులు గోడకు వేలాడుతున్నాయి. ఈసారి ఆపింది వాళ్లే. అక్క మూత మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అక్కా, ఒక్క రవ్వ కావాలె. నేనే గద, గుర్తువట్టలేదా?"

తల ఎత్తి చూసింది. పట్టింది. నవ్వింది. కానీ మూత మీంచి అంగుళం కూడా కదల్లేదు.

"నువ్వయితేంది? పొద్దున రా. లైన్ల నిలబడు."